టిక్కు పెడితే వెళ్ళక్కర్లేదట

కౌంటీ (ఇక్కడి జిల్లా) నుంచి వచ్చిన జ్యూరీ సమన్లు పది రోజుల పాటు మా డైనింగ్ టేబుల్ మీదే పడి ఉన్నాయి. వాటి మీద కూపన్ల కట్ట, కట్ట మీద మావాడి లైబ్రరీ పుస్తకం, ఒకరోజు రాత్రి ఆ పైన దోసెల పిండి గిన్నె. తీరా తీసి చూసేసరికి సరిగ్గా నా పేరు మీద పిండి మరక గుండ్రంగా ఎండిపోయి ఉంది.

"ఏముంది, టిక్కు పెట్టెయ్" అన్నాడు మా ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. టెక్సస్ చట్టం ప్రకారం 12 ఏళ్ళలోపు పిల్లల బాధ్యత మీ మీద ఉండి, మీరు జ్యూరీకి వెళ్తే వాళ్ళని చూసుకునే దిక్కు లేకపోతే, మీరు రానక్కర్లేదు. ఫారంలో దానికొక గడి ఉంటుంది. టిక్కు పెట్టి పంపితే అయిపోయింది. మా పెద్దాడికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి నాలుగు. మాకు తెలిసిన తెలుగువాళ్ళలో చాలామంది ఆ గడిని పట్టుకునే ఒడ్డెక్కారు. నిరుడు తనకి సమన్లు వచ్చినప్పుడు మా ఆయన కూడా అదే చేశాడు. ఆ రోజు పెద్దాడు బళ్ళో, చిన్నది డేకేర్లో, నేను ఇంట్లోనే లాప్‌టాప్ ముందు. 'చూసుకునే దిక్కు లేకపోతే' అన్న ముక్క దగ్గర తన కళ్ళు ఆగలేదు. అబద్ధం చెబుతున్నామని తనూ అనుకోలేదు, పక్కనే కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న నేనూ అనుకోలేదు.

ఈసారి నా పేరు చూసేసరికి మాత్రం పెన్ను ఆగింది. 2019లో సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి చదువుకున్న 100 ప్రశ్నల్లో ఒకటి గుర్తొచ్చింది. చపాతీలు ఒత్తుతూ ఆ కార్డులు బట్టీ పట్టాను, కొన్నిటికి ఇప్పటికీ పిండి అంటుకుని ఉంది (మా ఇంట్లో కాగితాలన్నిటికీ అదే గతి). అమెరికా పౌరులకి మాత్రమే ఉండే బాధ్యత ఒకటి చెప్పండి అని ప్రశ్న. జవాబులు రెండే: జ్యూరీలో పనిచెయ్యడం, ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వెయ్యడం. ఏదో ఒకటి చెబితే చాలు. నేను ఓటు అని చెప్పాను. ఓటైతే వేస్తున్నాను, వేసి స్టిక్కరుతో ఫొటో కూడా పెడుతున్నాను. రెండో జవాబు ఆ కార్డు మీదే ఉండిపోయింది.

ఆదివారం అమ్మతో మాట్లాడుతూ చెప్పాను, గురువారం కోర్టుకి వెళ్ళాలని.

"కోర్టేంటే? ఏం చేశావ్?"

"నేనేం చెయ్యలేదమ్మా. జ్యూరీ. ఎవరిదో కేసు ఉంటుంది, మేం విని తప్పొప్పులు చెప్పాలి."

"నువ్వా?" అంది అమ్మ. నాలుగు క్షణాలు ఆగి, "మన ఇంటావంటా కోర్టు మెట్లెక్కినవాళ్ళు లేరు" అంది. మా తెనాలి వైపు ఇది గొప్పగా చెప్పుకునే మాట. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని సామెత ఉన్న భాష మనది. కోర్టంటే పోతే పరువు పోయే చోటు, లేకపోతే పొలం పోయే చోటు. అక్కడికి పిలిచి కూర్చోబెట్టి, అయ్యా మీరే చెప్పండి అంటారంటే అమ్మ నమ్మలేకపోయింది. వెనక నుంచి నాన్న, "అదేనే, నానావతి కేసు! ఆ జ్యూరీ!" అన్నాడు. ఆ తరం వాళ్ళకి జ్యూరీ అంటే అదొక్కటే. దాని సంగతి తర్వాత చెబుతాను.

మావాడు ఇదంతా విని, "నువ్వు జైలుకెళ్తావా?" అనడిగాడు. కాదురా అన్నాను. కొంచెం నిరాశపడినట్టే కనిపించాడు.

---

గురువారం పొద్దున్న ఎనిమిదింటికి కోర్టులో ఉండాలి. బడి మొదలయ్యేది ఏడు నలభైకి, వదిలేది మూడు గంటలకి. డేకేర్ తీసేది ఆరున్నరకి, మూసేది సాయంత్రం ఆరింటికి. ఆరు దాటితే నిమిషానికి డాలరు. మా ఆయన గంటల లెక్కన పనిచేసే కాంట్రాక్టరు. తనది ఆ వారమంతా క్లయింటు ఆఫీసులో పని. లేచి వచ్చాడా, ఆ గంటలకి డబ్బు రాదు. కాబట్టి నేను ఒక రోజు కనపడకపోవడానికి చేసిన ఏర్పాట్లు ఇవీ: పొద్దున్న పెద్దాణ్ణి దింపడానికి రెండిళ్ళవతల ఉన్న స్నేహితురాలు, సాయంత్రం బడి నుంచి తేవడానికి ఆవిడ పేరు ముందే పికప్ లిస్టులో ఎక్కించడం, దానికి బడికి రెండు ఫోన్లు, ఒక ఈమెయిలు, మూడు నుంచి ఆరు దాకా ఒక కాలేజీ అమ్మాయి, గంటకి 18 డాలర్లు, నేను అయిదున్నరకల్లా బయటపడకపోతే చిన్నదాన్ని తేవడానికి మా ఆయన బాస్‌కి ముందే చెప్పి పెట్టుకోవడం. ఇవికాక అన్నం, పప్పు, రెండు లంచ్ బాక్సులు, చిన్నదానికి ఆ రోజు 'పర్పుల్ డే' కాబట్టి ఊదారంగు గౌను వెతకడం. అది ఉతకాల్సిన బట్టల బుట్టలో అడుగున దొరికింది. దులిపి వేశాను.

నా మేనేజరు మంచివాడే. "జ్యూరీయా, ఓహ్" అని ఒక జాలి మొహం పెట్టి, "త్వరగా వదిలేస్తారులే" అన్నాడు. నాది నెలజీతం కాబట్టి ఆ రోజు జీతం కొయ్యడానికి ఫెడరల్ రూల్స్ ఒప్పుకోవు. ఈ తేడా గుర్తుంచుకోండి. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పడుకునే ఇద్దరిలో ఒకరికి జ్యూరీ ఊరికే దొరికిన రోజు, ఇంకొకరికి చేతి నుంచి డబ్బు పోయే రోజు. టెక్సస్‌లో ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదు అంటారు తప్ప, ఆ రోజు జీతం ఇవ్వాలని ప్రైవేటు కంపెనీలకి చట్టం చెప్పదు.

కోర్టు గుమ్మంలో ఎయిర్‌పోర్టులో లాగే బెల్టు, ట్రేలు. నా హ్యాండ్‌బ్యాగు లోపలికెళ్ళి ఆగిపోయింది. తెర మీద గుండ్రంగా, నల్లగా ఏదో కనిపించిందట. స్టీలు డబ్బా. మూత తియ్యమన్నారు. తీశాను. పులిహోర. చింతపండు, ఇంగువ వాసన ఆ గుమ్మమంతా నిండిపోయింది. వెనకాల క్యూలో ఉన్న పెద్దాయన ముందుకి వంగి చూశాడు. ఆఫీసరమ్మ కూడా వంగి, జీడిపప్పా అనడిగి, పల్లీలు అంటే తలూపి పంపేసింది.

లోపల పెద్ద హాలు, రెండు వందల కుర్చీలు. ఒక జడ్జిగారు వచ్చి పౌరులు కానివాళ్ళెవరు, వేరే కౌంటీకి మారిపోయినవాళ్ళెవరు, 75 దాటినవాళ్ళెవరు అని ఒక్కొక్కటే అడిగారు. మొదటి ప్రశ్నకే పాతికమంది దాకా లేచారు, వాళ్ళలో సగం మన మొహాలే. ఇక్కడ జాబితాలో ఓటర్లతో పాటు డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళ పేర్లు కూడా కలుపుతారు. అందుకే హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాళ్ళకీ, గ్రీన్ కార్డువాళ్ళకీ సమన్లు వస్తాయి, ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది. వాళ్ళు 'పౌరుణ్ణి కాదు' అన్న దగ్గర టిక్కు పెట్టి పంపితే సరిపోతుంది. భయపడి పౌరుణ్ణి అన్నట్టు రాస్తే మాత్రం అసలుకే మోసం.

తర్వాత 12 ఏళ్ళలోపు పిల్లలున్నవాళ్ళ వంతు. ఇంటి దగ్గర టిక్కు పెట్టడం మర్చిపోయినవాళ్ళు ఇప్పుడు లేచి వరసకట్టారు. లెక్కపెట్టాను. పద్నాలుగు మంది ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు. ఇది ఒక్క హాల్లో, ఒక్క పొద్దున్న నేను చూసినది. ఇంతకు మించి దీన్ని లాగను. కానీ చూసినది చూసినట్టు చెప్పాలి కదా.

---

నన్ను ఇంకో 23 మందితో కలిపి ఒక కోర్టు రూములోకి పంపారు. తాగి బండి నడిపాడన్న కేసు. మొదటి తప్పుకి 180 రోజుల దాకా జైలు పడొచ్చు. ఇలాంటి చిన్న కేసులకి ఇక్కడ జ్యూరీ ఆరుగురే, పెద్ద నేరాలకైతే పన్నెండు మంది. ముద్దాయి పాతికేళ్ళ కుర్రాడు. కొత్త చొక్కా, కాలరు వెనక మడతల గీత ఇంకా పోలేదు. అతని వెనక బెంచీలో వాళ్ళమ్మ అనుకుంటాను, పర్సు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

టెక్సస్‌లో ఒక చిత్రం ఉంది. ప్రశ్నలు మొదలుపెట్టకముందు ఏ పక్షం లాయరైనా 'షఫుల్' అడగొచ్చు. పేకముక్కలు కలిపినట్టు మా వరస నంబర్లన్నీ కలిపేస్తారు. డిఫెన్స్ లాయరు అడిగాడు. ఎనిమిదో నంబరుగా కూర్చున్నదాన్ని 19 అయ్యాను. నంబరు ఎందుకు ముఖ్యమంటే, చివర్లో మొదటి నంబరు నుంచి లెక్కపెట్టుకుంటూ, ఎవరూ కాదనని ఆరుగుర్ని తీసుకుంటారు. ఇలాంటి కేసులో రెండు పక్షాల లాయర్లూ కారణం చెప్పకుండా తలా ముగ్గురిని కొట్టెయ్యొచ్చు. వెనక నంబర్లవాళ్ళు దాదాపు ప్రేక్షకులే.

తర్వాత లాయర్లు మమ్మల్ని అడిగే ప్రశ్నలు. దీన్ని పుస్తకాల్లో ఫ్రెంచి మాటతో రాస్తారు గానీ టెక్సస్ లాయర్లు మాత్రం 'వార్ డైర్' అంటారు, ఏదో వైరు పేరు చెప్పినట్టు. ప్రాసిక్యూటరు ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. చిన్నపిల్లలున్నవాళ్ళు చేతులెత్తండి అంది. ఏడు చేతులు లేచాయి. అప్పుడు అందరూ వాడే ఉదాహరణ ఆవిడా వాడింది: వంటింట్లో చాక్లెట్ కేకు ఉంది, మీరు అటు తిరిగారు, ఇటు తిరిగేసరికి ముక్క మాయం, మీ పాప మూతి నిండా చాక్లెట్. తింటుంటే ఎవరూ చూడలేదు. అయినా ఎవరు తిన్నారో మీకు తెలుసు కదా? అందరం తలూపాం. ఆవిడ చూపు నా మీద పడింది. "19వ నంబరుగారూ, మీరేమంటారు?"

నేను నిజమే చెప్పాను. "మా ఇంట్లో మూతికి చాక్లెట్ ఉండేది చిన్నదానికేనండీ. కానీ డబ్బా దించి, సగం తిని, మిగతాది దాని మూతికి పూసేది పెద్దాడు."

రూమంతా నవ్వారు, జడ్జిగారితో సహా. డిఫెన్స్ లాయరు నవ్వలేదు. ఏదో రాసుకున్నాడు.

ఆ నవ్వు గురించే ఆ తర్వాత చాలాసేపు ఆలోచించాను. ఎందుకంటే ఆ జవాబుకి నాకు తెలివితేటలేం అక్కర్లేదు, నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటే చాలు. అలాగని తల్లులందరూ ధర్మరాజులని చెప్పను. నా సంగతే చూడండి, సాక్ష్యం లేకుండా రోజూ శిక్షలు వేస్తాను. అరుపు వినగానే "పెద్దాడా, ఏం చేశావురా?" అంటాను, ఏం జరిగిందో చూడకముందే. వాడు ముద్దాయిగానే పుట్టాడు పాపం. సగం కేసుల్లో నిర్దోషి అని తర్వాత తేలుతుంది, నేను క్షమాపణ చెప్పను, నెయ్యి దోసె వేస్తాను. కానీ మూతి మీది చాక్లెట్‌ని చూసి మోసపోవడం ఎలా ఉంటుందో, చూసీ చూడగానే తీర్పు చెప్పేశాక నాలుక కరుచుకోవడం ఎలా ఉంటుందో, ఈ వారంలోనే అనుభవించినవాళ్ళం మేం. లాయర్లకి మా పిల్లల ఉదాహరణలు కావాలి. మేం మాత్రం అక్కర్లేదు.

అక్కర్లేదని ఎవరూ అనలేదు, నిజమే. జరిగింది ఇది. అయిదో నంబరు అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. పొద్దున్న కాఫీ మెషీను దగ్గర నాతో మాట్లాడింది. ఏదో షాపులో గంటల జీతం, ఒక్కతే, రెండేళ్ళ బాబు. ఈ రోజు కోసం షిఫ్టు మార్చుకుని వచ్చింది. "ఎప్పుడూ చూడలేదు, చెయ్యాలనుంది" అంది. కేసు రేపటికి కూడా పోవచ్చు, ఈ రోజు ఆరు దాటొచ్చు అని జడ్జిగారు చెప్పాక ఆ అమ్మాయి చెయ్యెత్తింది. డేకేర్ ఆరింటికి మూస్తారు, వేరే ఎవరూ లేరు అంది. జడ్జిగారు చాలా మర్యాదగా, చట్టం మీకు మినహాయింపు ఇస్తుంది, మీరు వెళ్ళొచ్చు, వచ్చినందుకు థాంక్స్ అన్నారు. ఆయన చేతిలో ఉన్నది అదొక్కటే. ఆ అమ్మాయి బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. సంతోషంగా వెళ్ళలేదు.

మూడున్నరకి ఆరుగురి పేర్లు పిలిచారు. ఆఖరివాడి నంబరు 17. ఇంకో రెండు అంకెల దూరంలో ఆగిపోయాను. మమ్మల్ని వదిలేస్తూ లేపినప్పుడు జ్యూరీ బాక్సు వైపు చూశాను. నలుగురు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, దాదాపు అందరూ యాభై దాటినవాళ్ళే. చెయ్యెత్తిన ఏడుగురిలో ఒక్కరూ అక్కడ లేరు.

---

ఇప్పుడు నాన్న చెప్పిన నానావతి దగ్గరికి వస్తాను. నౌకాదళ అధికారి, భార్య ప్రియుణ్ణి 1959లో బొంబాయిలో కాల్చాడు. జ్యూరీ 8-1తో నిర్దోషి అంది. సెషన్స్ జడ్జికి అది మింగుడుపడక కేసు హైకోర్టుకి పంపాడు, హైకోర్టు దోషి అంది, 1961 నవంబరులో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. జ్యూరీ మీద అప్పటికే ఉన్న అపనమ్మకం ఆ కేసుతో ముదిరింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీ ఊసే లేదు.

సరిగ్గా అదే 1961 నవంబరులో అమెరికా సుప్రీంకోర్టు ఇంకో భార్యాభర్తల కేసులో తీర్పు చెప్పింది. ఫ్లోరిడాలో గ్వెండోలిన్ హోయిట్ అనే ఆవిడ గొడవలో భర్తని బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపింది. అందరూ మగవాళ్ళే ఉన్న జ్యూరీ ఆవిడకి శిక్ష వేసింది. ఫ్లోరిడాలో అప్పటి చట్టం ఆడవాళ్ళని జ్యూరీకి రావద్దనలేదు. రావాలనుకుంటే ఆఫీసుకొచ్చి పేరు రాయించుకోండి, లేకపోతే మిమ్మల్ని ఇబ్బందిపెట్టం అంది. ఆవిడ కౌంటీలో సుమారు 46 వేల మంది మహిళా ఓటర్లుంటే పేరు రాయించుకున్నవాళ్ళు 220 మంది. ఇందులో తప్పేం లేదంది సుప్రీంకోర్టు. ఇంటికీ కుటుంబ జీవితానికీ స్త్రీయే కేంద్రం కాబట్టి, ఆమెని ఆ బాధ్యత నుంచి వదిలెయ్యడం సబబేనంది.

ఎంత గౌరవంగా ఉందో చూడండి. ఇంటికి దీపం ఇల్లాలు అన్నట్టే లేదూ? దీపాన్ని గదిలో పెట్టి తలుపేశారు.

టెక్సస్ కథ ఇంకా తమాషా. 1925లో టెక్సస్ సుప్రీంకోర్టు ముందు ఒక సోదర సంఘం ఆస్తి కేసు ఉంది. రాష్ట్రంలో పేరున్న మగ లాయర్లు చాలామంది ఆ సంఘం సభ్యులే, జడ్జీలతో సహా. తీర్పు చెప్పడానికి మగవాళ్ళు దొరక్క గవర్నరు పాట్ నెఫ్ ముగ్గురు మహిళా లాయర్లని ఆ ఒక్క కేసుకి జడ్జీలుగా నియమించాడు. హోర్టెన్స్ స్పార్క్స్ వార్డ్ చీఫ్ జస్టిస్. వాళ్ళు విన్నారు, తీర్పు చెప్పారు, ఇంటికెళ్ళారు. అప్పటికి టెక్సస్‌లో ఆడవాళ్ళు జ్యూరీలో కూర్చోడానికి వీల్లేదు. ఆ హక్కు ఇంకో 29 ఏళ్ళకి, 1954లో వచ్చింది. అత్యున్నత న్యాయస్థానంలో తీర్పు చెప్పగలిగిన ఆవిడ, పక్కింటివాడి తాగుడు కేసులో కూర్చోలేకపోయింది.

(మనవాళ్ళ సంగతీ అంతే. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు అమెరికా పౌరులు కాలేరని అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. 1946లో చట్టం మారేదాకా మనవాళ్ళకి పౌరసత్వం దారి మూసే ఉంది, దానితో పాటే జ్యూరీ కుర్చీ కూడా.)

ఇవన్నీ పాత కథలు, ఇప్పుడెవరూ ఆడవాళ్ళని ఆపడం లేదు కదా అంటారా? 1979 కేసు చూడండి. మిస్సోరీలో ఆడవాళ్ళకి జ్యూరీ నిషేధం లేదు. సమన్లతో పాటు, ఆడవాళ్ళయితే కావాలంటే తప్పుకోవచ్చు అని రాసి పంపేవారు, అంతే. ఆ కౌంటీ పెద్దవాళ్ళ జనాభాలో ఆడవాళ్ళు 54 శాతం, జ్యూరీ ఎంపికకి వచ్చేవాళ్ళలో 15 శాతం కూడా లేరు. దాని మీద వాదించింది, తర్వాత అమెరికా సుప్రీంకోర్టు జడ్జి అయిన, అప్పటికింకా లాయరుగానే ఉన్న రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టేసింది. దాన్ని సవాలు చేసినవాడు ఒక మగ ముద్దాయి. తన జ్యూరీలో ఆడవాళ్ళు లేకపోవడం తనకి అన్యాయమన్నాడు. జ్యూరీ ఉండేది కూర్చునేవాళ్ళ గొప్ప కోసం కాదు, ఎదురుగా మడత చొక్కాతో నిలబడ్డ కుర్రాడి కోసం. ఎవరు తప్పుకున్నా ఆ లోటు వాడిది.

టెక్సస్ గడి 'తల్లి' అనదు, మగవాడికీ ఆడదానికీ ఒకటే గడి. ఒప్పుకుంటాను. కానీ ఇంట్లో పికప్ లిస్టులో మొదటి పేరు ఎవరిదో ఆ గడికి తెలియకపోయినా మనకి తెలుసు.

మినహాయింపు తీసెయ్యమని నేననడం లేదు. అయిదో నంబరు అమ్మాయిని బలవంతంగా కూర్చోబెడితే రెండేళ్ళవాణ్ణి ఎవరు చూస్తారు? నా గొడవ వేరు. ఫారంలో ఒక్క గడే ఉంది: చిన్నపిల్లలున్నారు, రాలేను. దాని కింద ఇంకో గడి ఉండాలి: వస్తాను, పిల్లల్ని చూసేవాళ్ళు కావాలి. ఆ అమ్మాయి రెండోదాన్లో టిక్కు పెట్టేది. ఆవిడ నోటితోనే విన్నాను.

ఇదేం గాలిలో మేడ కాదు. మిన్నెసోటాలో జ్యూరీకి వచ్చినవాళ్ళకి డేకేర్ ఖర్చు తిరిగిస్తారు. మాసచూసెట్స్‌లో మొదటి మూడు రోజుల జీతం కంపెనీయే ఇవ్వాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆదాయం తక్కువున్నవాళ్ళకి రోజుకి 100 డాలర్లిచ్చే ప్రయత్నం 2022లో మొదలుపెట్టారు. టెక్సస్ కూడా అసలు కదలలేదని కాదు. 2023 దాకా మొదటి రోజుకి 6 డాలర్లిచ్చేవారు, ఇప్పుడు 20, రెండో రోజు నుంచి 58. నేను ఆ కాలేజీ అమ్మాయికిచ్చింది 54. నా రోజు అద్దె కూడా గిట్టలేదన్నమాట. నాకు నెలజీతం ఉంది కాబట్టి సరదాగా రాస్తున్నాను, అయిదో నంబరు రాయదు.

డబ్బు దండగ అనేవాళ్ళకి ఒక్కటే అడుగుతాను. అంత పెద్ద కోర్టు భవనంలో ఒక గది, రెండు చాపలు, ఒక ఆయా, అంతేగా? పెళ్ళి మండపంలో విడిది గది ఇచ్చినంత పని.

మన తెలుగువాళ్ళతో వేరే తగువు ఉంది. ఏ వాట్సాప్ గ్రూపులో సమన్లు అని రాసినా పది నిమిషాల్లో తప్పించుకునే చిట్కాలు వచ్చి పడతాయి. పోలీసులంటే పడదని చెప్పు, ఇంగ్లీషు రాదని చెప్పు, రెండిటికీ కుదరకపోతే పిల్లలు. రోజుకి ఎనిమిది గంటలు ఇంగ్లీషు మీటింగుల్లో ఉండేవాళ్ళే చెబుతారు ఈ మాట! మనవాడొకడు రేపు ఆ మడత చొక్కాలో నిలబడితే, వాడి యాసా, వాడు పోలీసుకి భయపడి తల దించుకున్న తీరూ అర్థమయ్యే మొహం ఆ ఆరు కుర్చీల్లో ఒక్కటీ ఉండదు. అప్పుడు అదే గ్రూపులో వివక్ష అంటాం.

---

నాలుగు పదికి బయటపడ్డాను. 75 హైవే మీద ట్రాఫిక్. అయిదున్నరకి డేకేర్ చేరితే చిన్నది ఊదారంగు గౌను మీద ఊదారంగు పెయింటుతో కనపడింది. నా చొక్కాకి అంటించిన జ్యూరరు స్టిక్కరు పీకి తన చేతికి అంటించుకుంది. ఇంటికొచ్చేసరికి సింకు నిండా గిన్నెలు, స్టీలు డబ్బాలో పులిహోర సగం అలాగే ఉంది. మధ్యాహ్నం తినడానికి టైము చాలలేదు. నిలబడే తినేశాను. మావాడు వచ్చి ఆ మనిషిని జైల్లో వేశారా అనడిగాడు. తెలియదురా, నన్ను తీసుకోలేదు అన్నాను. "ఎందుకు తీసుకోలేదు?" అన్నాడు. నంబరు రాలేదు అని చెప్పాను. ఆ కుర్రాడి కేసు ఏమైందో నాకిప్పటికీ తెలియదు.

20 డాలర్ల చెక్కు వచ్చింది. దాన్ని బాధితుల సహాయ నిధికో, పిల్లల సంక్షేమానికో ఇచ్చెయ్యొచ్చని అక్కడ ఫారం ఇచ్చారు గానీ నేను ఇవ్వలేదు. కష్టార్జితం. ఫ్రిజ్ మీద, పెద్దాడి స్పెల్లింగ్ లిస్టు పక్కన అయస్కాంతంతో పెట్టాను.

మొన్న నవంబరులో మా ఆయన పేరుతో మళ్ళీ సమన్లు వచ్చాయి. భోజనాలయ్యాక టేబుల్ మీద పరిచి, పెన్ను క్యాప్ తీసి, ఆ గడి దాకా వెళ్ళి నా వైపు చూశాడు. నేను నా ఫోన్ తీసి, ఆ మంగళవారం బడి పికప్, డేకేర్ పికప్ రెండూ నా క్యాలెండర్లో వేసుకుని తనకి చూపించాను.

"ఆ రోజు బిల్లింగ్ పోతుంది" అన్నాడు.

"20 డాలర్లు వస్తాయిగా" అన్నాను.